‘చెప్పిందే వేదం’: ఒక పలుకుబడి

తెలుగులో ‘పలుకుబడి’కి రెండర్థాలున్నాయి. వాడుకలో స్థిరపడిన నుడికారం ఒకటి; నలుగురిమీద ఒకడికున్న పట్టు మరొకటి. ‘ఆయన చెప్పిందే వేదం’ అన్న మాటలో యీ రెండూ కలిసిపోయాయి. కనుకనే దీన్ని నిఘంటుకారుడికి వదిలేయరాదంటాను.

నిఘంటువులో ‘తిరుగులేని మాట’ అని వ్రాసి ఊరుకోవచ్చు. మనం మాత్రం ఎవరంటున్నారో చూడాలి. చెప్పేవాడు సాధారణంగా తన గురించి తాను యిలా అనడు. అతనికా అవసరం లేదు. వినేవాళ్లే అంటారు. ఎదుట అంటే పొగడ్త, చాటున అంటే ఫిర్యాదు. వ్యాకరణమూ గమనించదగ్గదే. ‘చెప్పేది’ కాదు, ‘చెప్పింది’. మనం వచ్చేసరికే చెప్పడం అయిపోయింది. చివరి ఏకారం మిగతా నోళ్లు మూసేస్తుంది. పైగా మీమాంసకులు వేదం అపౌరుషేయమన్నారు, అంటే చెప్పిన మనిషంటూ లేడు. కాబట్టి ఒకడి మాటను వేదమన్నప్పుడు, ఆ మాట వెనకనున్న అతని భూమినీ, అప్పుపత్రాలనూ, కులాన్నీ మనమే మాయం చేస్తున్నాం.

‘గీసిందే గీత, రాసిందే రాత’ యింతకంటె నిజాయితీ గల మాట. అందులో కలం పట్టిన చెయ్యి కనపడుతుంది. అడంగల్ వ్రాసే కరణం చేతిలో రైతు బ్రతుకు ఎంత ఉండేదో డెల్టా పెద్దలకు తెలుసు. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి; పలుకుబడి రద్దు కాలేదు. యిక ‘మాటే శాసనం’ సంగతి తమాషా అయినది. దానశాసనం చివర రాజు, యీ ధర్మాన్ని హరించినవాడు అరవై వేల యేండ్లు మలంలో పురుగై పుడతాడని శాపం చెక్కించేవాడు. తన మాటకు తిరుగులేదన్న నమ్మకముంటే శాపమెందుకు?

పెనుగొండలో తెలుగు పాఠం చెప్పేవాడికి గురజాడ ‘కన్యక’ తప్పదు. వాసవి కథ యీ ఊరిదే గదా. రాజు విష్ణువర్ధనుడు కుసుమశ్రేష్ఠి కూతురిని కోరాడు. వైశ్యుల 714 గోత్రాలలో 102 గోత్రాలవారే ఎదురునిలిచి ఆమెతో అగ్నిప్రవేశం చేశారని ఐతిహ్యం. అంటే రాజు చెప్పిందే వేదమన్నవారే ఆ సభలో ఎక్కువమంది! గురజాడ యీ గోత్రాల లెక్కను పక్కకు నెట్టి, మాట్లాడే హక్కు కన్యకకిచ్చాడు. అది చిన్న పని కాదు.

అయితే దీన్ని సంపూర్ణమైన తిరుగుబాటు గీతమనే మిత్రులతో నాకు పేచీ ఉంది. రాజు మాట కాదనడానికి ఆమె దైవాన్ని పైకోర్టుగా పిలవవలసి వచ్చింది, పిమ్మట నిప్పులో దూకవలసి వచ్చింది. చుట్టూ ఉన్న మనుషులు చాలలేదు. గురజాడ ఆ లేమిని దాచలేదు. దాన్ని ఆరాధనగా మార్చుకున్నది మనం.

‘కన్యాశుల్కం’తో కలిపి చదివితే యిది తేటపడుతుంది. అక్కడ రాజు లేడు, అగ్నిహోత్రావధాన్లున్నాడు. ఇంటిల్లిపాదీ మొత్తుకున్నా ఆయన మాట మారదు. సుబ్బి పెళ్లి తప్పింది వాదంవల్ల కాదు, కరటకశాస్త్రి శిష్యుడికి ఆడవేషం కట్టడంవల్ల. మోసమే అనండి; కాని సుబ్బి బ్రతికింది. ఆ పిల్లనుమాత్రం, నీకిష్టమా అని అడిగినవారు ఎవరూ లేరు.