పేరు గుమ్మటానిది, పనితనం నల్లరాతిది

చిత్తూరు నుంచి మొగిలి ఘాటు ఎక్కి, పలమనేరు దాటి, ముళబాగిలు మీదుగా కోలారు చేరే దారి మనవాళ్ల నోట ఉత్త బెంగళూరు రోడ్డు. ఈ సీమకూ శ్రీరంగపట్నం గుంబజ్‌కూ ఉన్న సంబంధం మాత్రం చాలామందికి తట్టదు. 1782 డిసెంబరు 7న మైసూరు ఏలిన హైదర్ అలీ కన్నుమూసింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట దండులోనే. వీపు మీద లేచిన రాచపుండు ప్రాణం తీసింది. కొడుకు టిప్పు అప్పటికి మలబారు వైపు యుద్ధంలో ఉన్నాడు. అతను వచ్చేదాకా సంగతి పొక్కకూడదని, సుగంధద్రవ్యాలు నింపిన పెట్టెలో శవాన్ని ఉంచి, ఖజానా తరలిస్తున్నట్టు కాపలా పెట్టి కోలారుకు పంపారు. అక్కడ తండ్రి ఫతే మహమ్మద్ సమాధి పక్కన పూడ్చారు. ఆ తర్వాతే శ్రీరంగపట్నంలో టిప్పు కట్టించిన కొత్త కట్టడానికి మార్చారు.

కోలారులోని ఆ చోటు మక్బరా, అంటే సమాధుల చోటు. శ్రీరంగపట్నంలోనిది గుంబజ్, అంటే గుమ్మటం. పడుకున్నవాళ్ల పేరు పక్కకు పోయి పైకప్పు పేరే నిలిచిపోయింది. తోట ద్వారం దగ్గర నిలబడి చూస్తే అది సబబే అనిపిస్తుంది. దారి పొడుగునా చెట్ల వరసలు, చివర ఎత్తయిన అరుగు, దాని మీద తెల్లని గచ్చుతో గుండ్రంగా ఉబ్బిన గుమ్మటం, మూలల్లో మినార్లు. కానీ నన్నడిగితే అసలు పని గుమ్మటం కింద ఉంది.

సమాధి గది చుట్టూ వసారా. దాన్ని మోసేవి 36 నల్లరాతి స్తంభాలు. ఈ రాయి తుమకూరు వైపు తురువేకెరె దగ్గరి కరికల్లు గుట్టది. ఆ ఊరి గుడి ముందు నిగనిగలాడే నందిదీ ఆ నల్లరాయే. సుల్తాను సమాధికీ శివుడి వాహనానికీ ఒకే సీమ రాయి కుదిరింది. దక్షిణాది కాసెపనివాళ్లకు అందులో వింతేమీ ఉండదు.

నల్లరాయితో పని అంత తేలిక కాదు. ఉలి తగిలినచోటల్లా బూడిదరంగు మచ్చ లేస్తుంది. చెక్కడం అయ్యేసరికి స్తంభమంతా పాలిపోయి కనిపిస్తుంది. నలుపు బయటికి రావాలంటే మెరుగు పెట్టాలి. నీళ్లు పోస్తూ, ముందు గరుకు పొడితో, తర్వాత మెత్తని పొడితో, ఉలి గుంట ఒక్కటి కూడా మిగలకుండా రుద్దాలి. చదునైన పలకను ఎవరైనా రుద్దుతారు. అంచులున్న స్తంభాన్ని రుద్దడంలోనే ఉంది చిక్కు: చెయ్యి కాస్త జారితే అంచు మొద్దుబారుతుంది. ఇక్కడ మెరుగు అద్దంలా ఉంది, అంచు కూడా కత్తిలా నిలిచింది. రెండువందల నలభై ఏళ్ల ఎండావానా చూసిన రాయి ఇది. దగ్గరికి వెళితే వసారాలో నడిచేవాళ్ల నీడలు అందులో కదులుతాయి.

లోపలి గోడలకు పులిచారలు, టిప్పు ముద్ర. చాదర్లు కప్పిన మూడు సమాధుల్లో నడుమ హైదర్, ఒక పక్క భార్య ఫక్రున్నిసా, ఇంకో పక్క 1799 మే 4న కోట పోరులో నేలకొరిగిన టిప్పు. బయట అంత నిగ్రహం చూసి వచ్చిన కంటికి ఆ చారలు కొంచెం ఎక్కువగా తోస్తాయి. దంతం పొదిగిన తలుపులు బ్రిటిషు గవర్నర్ జనరల్ డల్హౌసీ కానుక. పని సొగసైనదే కానీ, గెలిచినవాళ్లు తర్వాత తెచ్చిపెట్టినవి.

మాటల్లోనూ ఒక పనితనం ఉంది. హైదర్ సమాధి లేఖనంలో పేరేమిటి, పోయిన ఏడాది ఏది అన్న ప్రశ్నకు ఒక్కటే జవాబు: హైదర్ అలీ ఖాన్ బహాదుర్. అరబ్బీ అక్షరాల్లో ప్రతిదానికీ ఒక అంకె ఉంటుంది. మన శాసనాల్లో కాలాన్ని మాటల్లో దాచినట్టే ఇదీ. హైదర్ 222, అలీ 110, ఖాన్ 651, బహాదుర్ 212. కూడితే 1195. హైదర్ పోయేనాటికి హిజ్రీ 1196 ముగిసి 1197 మొదలవుతోంది. లెక్క కాస్త తప్పింది. పేరు అంత చక్కగా కుదిరాక ఏడాది తేడాను కవి పట్టించుకోలేదు. నేనైనా ఆ పనే చేసేవాణ్ణి.

మైసూరు యాత్రకు వెళ్లే మనవాళ్లు శ్రీరంగనాథుణ్ణి దర్శించుకుని, దరియా దౌలత్ చూసి, గుంబజ్ దగ్గర ఫొటో దిగి బస్సెక్కేస్తారు. ఈసారి వెళితే చెప్పులు విప్పగానే లోపలికి దూరకండి. ముందు వసారా చుట్టూ ఒక్కసారి తిరిగి, ఆ స్తంభాల అంచులు చూడండి.