గోడకన్నా పందిరి నయం

డిసెంబరు వచ్చిందంటే మా దర్శి వైపు చిక్కుడు కాపు ముదిరినట్టే. ఆషాఢంలో పెట్టిన గింజ అప్పటికి పందిరంతా అల్లుకుపోతుంది. పొద్దున్నే బుట్ట పట్టుకుని కిందికి దూరితే ఆకుల మీది మంచు నీళ్లు మెడ మీద పడతాయి. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో కొన్నాళ్లు వరసగా భూమి కదిలింది సరిగ్గా ఈ కాపు మీదే. కదిలింది ఒకటి రెండు క్షణాలే. గిన్నెలు గలగలమన్నాయి, జనం ఇళ్లలోంచి, బడి పిల్లలు తరగతుల్లోంచి బయటికి పరిగెత్తారు. అదే నెల 4న పొద్దున ఏడున్నర వేళ ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన కుదుపు హైదరాబాదుకూ విజయవాడకూ తెలిసింది కాబట్టి, ఆ వేడిలో మా చిన్న కుదుపులకు కూడా టీవీల్లో చోటు దొరికింది. లేకపోతే మమ్మల్నెవరు పట్టించుకుంటారు!

ఈ నేలకు ఇది కొత్తేం కాదు. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో వచ్చింది. మరో రెండేళ్లకు, 1969 ఏప్రిల్‌లో, భద్రాచలం దగ్గర 5.7. 2002 నాటి భూకంప ముప్పు పటంలో మాది మూడో జోన్. అస్సాం, కచ్ లాంటి ఐదో జోన్ ప్రాంతాల ముందు మా బాధ బాధే కాదు. అయితే జోన్ అంకె చూసుకుని నిశ్చింతగా పడుకోవడానికి లేదని 1993లో భూకంపం వచ్చిన కిల్లారి చెప్పింది. మహారాష్ట్రలోని ఆ ఊరు అప్పటికి ఒకటో జోన్‌లో, అంటే అన్నిటికన్నా భయం తక్కువ ఉన్నచోట ఉంది. ఆ తర్వాత 2002లో పటం మార్చినప్పుడు ఒకటో జోన్ అనేదే ఎత్తేశారు.

పెరటి గురించి రాయాల్సినవాణ్ణి భూకంపాల చిట్టా విప్పానేమిటని అనుకోకండి. నా దృష్టిలో ఈ రెండూ ఒకే సంగతి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3:56కు కిల్లారి చుట్టుపక్కల ఊళ్లు నిద్రలో ఉన్నాయి. వినాయకుణ్ణి నిమజ్జనం చేసొచ్చి, అలసి పడుకున్నారు. దాదాపు పదివేల మంది పోయారు. వాళ్లను చంపింది భూమి కాదు, ఇల్లు. చెక్కని రాళ్లను మట్టి అడుసుతో పేర్చిన లావుపాటి గోడలు, దూలాల మీద ఎండ తగలకుండా మందంగా పరిచిన మట్టి కప్పు. చల్లగా ఉంటుంది, నిజమే. ఊపు రాగానే గోడ రెండు పొరలుగా విడిపోయింది, కప్పు మొత్తం మంచాల మీదికి దిగింది. అదే ఊళ్లలో గడ్డి గుడిసెల్లో పడుకున్న పేదవాళ్లు చాలామంది దులుపుకుని లేచారు.

నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న వచ్చింది అంతకన్నా చాలా పెద్దది, 7.8. అక్కడా సుమారు తొమ్మిది వేల మంది పోయారు. కానీ వేళ పగలు 11:56, రోజు శనివారం. బడులకు సెలవు, పల్లెల్లో జనం చేలల్లో, పెరళ్లలో ఉన్నారు. అదే రాత్రిపూట వచ్చి ఉంటే చావులు ఎన్నో రెట్లు ఉండేవని తెలిసినవాళ్లంతా అన్న మాట. కొండ ఊళ్లలో కొంపలు కూలినా మనుషులు మిగిలారంటే, ఆ గంటలో వాళ్ల చేతిలో పార ఉంది, నెత్తిన ఆకాశం ఉంది.

మా దగ్గర కుదిపిన రోజు నేను పందిట్లోనే ఉన్నాను. పక్కింటి కోడలు వాకిట్లోంచి కేకేసింది: "మామయ్యా, ఇంకా ఆడేం చేస్తుండావు? భూమి కదిలింది, ఇంట్లోకి రా!" నేనన్నాను: "ఇంట్లోకి ఎందుకమ్మా, పిల్లల్ని తీసుకుని నువ్వే ఇటు రా." వచ్చింది. వచ్చినందుకు ఊరికే ఉండకుండా అరకిలో చిక్కుళ్లు కూడా కోసుకుపోయిందనుకోండి.

పందిరి ఎందుకు పడదో కట్టినవాడికి తెలుస్తుంది. మాకు జామాయిల్ కర్రకు కొదవ లేదు. పైన పంగ ఉన్న గుంజలు ఏరి మూరన్నర లోతున పాతి, పంగలో అడ్డకర్ర కూర్చోబెడతాం. కట్టడానికి తాటినార. రాత్రే నానబెడితే విరక్కుండా ఒంగుతుంది. ముందు రెండు కర్రలనూ కలిపి అడ్డంగా నాలుగు చుట్లు తిప్పాలి. అసలు పని ఆ తర్వాతిది: నారను కర్రల మధ్యలోకి దూర్చి, ఆ చుట్ల నడుము మీదుగా మరో రెండు చుట్లు బిగించి లాగాలి. అప్పుడు కట్టు కిర్రుమంటుంది. ఆ చప్పుడు రాకపోతే మళ్లీ విప్పి కట్టాల్సిందే. తొందరపడి మేకులు కొట్టేవాళ్లున్నారు. ఎండిన కర్ర మేకు దగ్గరే చీలుతుంది, ఒక్క గాలివానకు తల వాల్చేస్తుంది. నారకట్టు గాలికి ఇటూ అటూ ఊగి, మళ్లీ తన చోటికి వస్తుంది.

ఇంజనీర్లు చెప్పేదీ దాదాపు ఇదే. తలుపుల పైఎత్తున నాలుగు గోడలనూ చుట్టి వచ్చే లింటల్ బెల్టు వెయ్యమంటారు, గోడలు ఎవరి దారిన అవి పోకుండా. అస్సాంవాళ్లు 1897 నాటి మహా భూకంపం తర్వాత ఇంకా తెలివైన దారి పట్టారు. చెక్క చట్రం నిలిపి, మధ్యలో ఇకరా అనే రెల్లు జాతి గడ్డిని అల్లి, పైన పూత పూసి గోడ అనుకున్నారు. ఇల్లు తేలిక, ఊగుతుంది, ఒకవేళ మీద పడినా ప్రాణం పోదు. నదుల ఒడ్డున మొలిచేదాంతోనే గోడ! ఇప్పుడు అక్కడా సిమెంటు డాబాల మీదే మోజు. మనల్ని మనం అనుకోవాలి గాని వాళ్లననేదేముంది?

మా ఊళ్లోనూ తాటాకు దడులు, గోరింట కంచెలు పోయి ప్రతి పెరటికీ ప్రహరీ లేచింది. నాలుగున్నర అంగుళాల ఒంటి ఇటుక గోడ, మధ్యలో పిల్లరు ఉండదు, ఎత్తు మాత్రం మనిషిని మించి. దానికి ఆనించి సొరపాదు, దాని నీడన పిల్లల ఆటలు. ఇంట్లోంచి ప్రాణం దక్కించుకుని పరిగెత్తుకొచ్చే చోట ఈ గోడను నిలబెట్టుకోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. దొంగల భయమంటారు. మా పెరట్లో దొంగలు ఎత్తుకుపోయేది మునక్కాడలే కదా.

విత్తనాల సంగతీ చెప్పాలి. నేపాల్‌లో మనుషులు మిగిలారు గాని, వరి నాట్ల అదును ముంచుకొస్తుంటే గింజలేమో కూలిన ఇళ్ల కింద ఉండిపోయాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ బయటినుంచి వరి విత్తనం తెచ్చి పంచాల్సి వచ్చింది. మనం బీర, సొర గింజలు బూడిదలో కలిపి డబ్బాకెత్తి అటక మీద పెడతాం. అన్నీ ఒకే కప్పు కింద. సగం చుట్టాలకో, పక్కింటికో ఇచ్చి ఉంచడం మా అమ్మకు అలవాటు. "నాది పురుగు పడితే నీదుంటుంది" అనేది. ఆమె మనసులో ఉన్నది పురుగే, భూకంపం కాదు. పనికి మాత్రం రెండింటికీ వస్తుంది.

పెరడు లేని పట్నం పాఠకులకు ఒక మాట. ఆ పటంలో విజయవాడ కూడా మూడో జోనే. డాబా పిట్టగోడ మీద వరసగా పేర్చిన మట్టికుండీలు కింద నడిచేవాళ్ల నెత్తిన పడటానికి పెద్ద భూకంపమే అక్కర్లేదు. ఈ ఆదివారం వాటిని దించి లోపలివైపు నేల మీద పెట్టండి. మొక్కకు ఎండ అక్కడా తగులుతుంది.