కసిం కుండలో సమీకరణం

విజయవాడ కోచింగ్ తరగతుల్లో రసాయన సమీకరణాన్ని తుల్యం చేయడం అంటే చేతి వేగం. ముందు లోహాలు సరిచూడు, తర్వాత అలోహాలు, చివర్లో హైడ్రోజన్, ఆక్సిజన్. అంకె ముందు అంకె వేసుకుంటూ పోతే అర నిమిషంలో రెండు వైపులా లెక్క కలుస్తుంది. మార్కులు వస్తాయి. ఆ అంకెలు దేన్ని లెక్కపెడుతున్నాయో అడిగే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. నన్నడిగితే ఈ పాఠాన్ని బందరు (మచిలీపట్నం) పక్కనున్న పెడన తీసుకెళ్ళి, కలంకారీ అచ్చుల షెడ్డులో చెప్పాలి.

శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, పెడనలో టేకు అచ్చుతో అద్దుతారు. పద్ధతి వేరైనా నలుపు పుట్టే తీరు ఒకటే. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. ఆ పులిసిన నీరే కసిం. మూత తీస్తే ముందు ముక్కుకు తగిలేది పులుపు. ఇనుము పక్కన సన్నటి బుడగలు పైకి లేస్తుంటాయి.

ఆ కుండలో ఒకటి కాదు, వరుసగా నాలుగు చర్యలు నడుస్తాయి. బెల్లంలోని చక్కెర నీటితో విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. ఆ రెండింటినీ ఈస్ట్ విరగ్గొట్టి ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఒక గ్లూకోజ్ అణువు నుంచి రెండు ఆల్కహాల్ అణువులు, రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు వస్తాయి. గ్రాముల్లో చూస్తే 180 కాస్తా 92, 88గా చీలుతుంది. అది వియోగం. ఆల్కహాల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అసిటికామ్లం అవుతుంది, పక్కన కొంచెం నీరు వస్తుంది. అది ఆక్సీకరణం. ఆ ఆమ్లంలోని హైడ్రోజన్‌ను ఇనుము బయటికి నెట్టి తాను కూర్చుంటుంది. అది స్థానభ్రంశం. ఒక ఇనుము పరమాణువుకు రెండు ఆమ్ల అణువులు కావాలి. వచ్చేది ఒక ఫెర్రస్ అసిటేట్, ఒక హైడ్రోజన్ అణువు. బుడగల్లో కొన్ని ఆ హైడ్రోజనే.

ఈ లెక్క చివరిదాకా లాగితే ఉపయోగపడే అంకె ఒకటి తేలుతుంది. 342 గ్రాముల చక్కెర ఏ నష్టమూ లేకుండా ఆమ్లంగా మారితే, అది కరిగించగల ఇనుము 112 గ్రాములు, అంతకు మించి కాదు. అసలు కుండలో దానికంటే చాలా తక్కువే కరుగుతుంది. కొంత ఆల్కహాల్ ఆవిరైపోతుంది, కొంత బెల్లం వేరే ఆమ్లాల వైపు వెళ్తుంది. అందుకే ఇనుము ఎంత పోసినా కసిం చిక్కబడదు. చిక్కదనాన్ని నిర్ణయించేది బెల్లం. పనివాళ్ళు దీన్ని వాసనతో, రుచితో పట్టుకున్నారు.

ఇక్కడో చిన్న పక్కదారి. రసాయన చర్యకు రెండు వైపులా బరువు సమానమని 1789లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోయిజియే తన పుస్తకంలో రాసినప్పుడు ఎంచుకున్న ఉదాహరణ ఏమిటో తెలుసా? పులుస్తున్న ద్రాక్షరసం. రసం ఒకవైపు, కార్బానిక్ ఆమ్లం (కార్బన్ డయాక్సైడ్‌కు ఆనాటి పేరు), ఆల్కహాల్ మరోవైపు పెట్టి మధ్యలో బీజగణితంలోలా సమాన గుర్తు వేశాడు. మన పాఠ్యపుస్తకంలోని బాణం గుర్తుకు అదే తాత. ద్రాక్ష బదులు బెల్లం వేస్తే అది కసిం కుండలో రెండో మెట్టు.

ఇక బట్ట సంగతి. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన బట్ట లేత పసుపుగా ఉంటుంది, నిండా టానిన్. జిగురు కలిపిన కసింలో అచ్చు ముంచి అద్దితే, పడినప్పుడు బూడిద రంగు, చూస్తుండగా నలుపు. ఇనుము టానిన్‌తో కలుస్తుంది, గాలి దాన్ని ఫెర్రస్ నుంచి ఫెర్రిక్‌కు తీసుకెళ్తుంది, నీటిలో కరగని నల్లటి పదార్థం నూలులోనే గడ్డకడుతుంది. వందల ఏళ్ళు యూరప్ రాతప్రతులు రాసిన సిరా కూడా ఇదే చర్య. బడిలో సంయోగం, ఆక్సీకరణం, అవక్షేపణం అని మూడు గదులుగా నేర్పినవి అచ్చు కింద ఒకేసారి జరుగుతాయి.

ఎరుపు దగ్గర తుల్యం చేయడం అనే విద్య అసలు విలువ కనబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు అద్దుతారు. ఎండాక ఆ అచ్చు దాదాపు కనిపించదు. పటికలోని అల్యూమినియం సల్ఫేట్ నీటితో చర్య జరిపితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ వస్తుందని చెప్పి ఆగిపోవచ్చు. కానీ లెక్క సరిచూసినవాడికి ఆగడం కుదరదు. ఒక సల్ఫేట్ అణువుకు ఆరు నీటి అణువులు పోతే రెండు హైడ్రాక్సైడ్‌లతో పాటు మూడు సల్ఫ్యూరికామ్లం అణువులు మిగలాలి. ఇది ద్వంద్వ వియోగం. ఆ ఆమ్లం ఎవరికీ కనబడదు, సమీకరణంలో మాత్రమే దొరుకుతుంది. నూలును తినేది అదే.

అద్దిన బట్టను పారే నీటిలోనే జాడించాలన్న పట్టుదలకు కారణాల్లో అదొకటి. నిలవ నీటిలో ముంచితే విడిపోయిన పటిక, ఇనుము మళ్ళీ ఖాళీ చోట్ల అంటుకుంటాయి, తర్వాత రంగు గాబులో బట్ట నేల కూడా ఎరుపెక్కుతుంది. కాలువ నీరైతే మిగులునంతా లాక్కుపోతుంది. డెల్టా కాలువల్లోకి కృష్ణను మళ్ళించిన ఆనకట్ట బెజవాడలో 1850ల్లో కట్టారు, దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి 1957లో వచ్చింది. వరికి ఇచ్చిన ఆ నీరే అద్దకానికీ అక్కరకొచ్చింది. ఇంకో వైపు కూడా చెప్పుకోవాలి: బట్ట వదిలినదంతా నీటిలోనే ఉంటుంది. కుంటలో నిలిపి, సున్నంతో ఆమ్లాన్ని విరిచి వదలమనడం సంప్రదాయానికి అపచారం ఏమీ కాదు.

జాడించిన బట్టను అలిజరిన్ అనే రంగు వేసిన గాబులో ఉడకబెడతారు. పటిక పడిన చోట ఎరుపు, ఇనుము పడిన చోట నలుపు, రెండూ కలిపి అద్దిన చోట గోధుమ. రంగు ఒక్కటే, లోహాన్ని బట్టి వేషం మారుతుంది. అల్యూమినియంతో పాటు కాల్షియం కూడా ఆ బంధంలో చేరితేనే ఎరుపు నిండుగా వస్తుంది, కాబట్టి నీటిలోని సున్నం కూడా లెక్కలో భాగమే. డచ్చివాళ్ళు, 1611లో బందరులో దిగిన ఇంగ్లీషువాళ్ళు ఈ తీరంలో చిరువేరు అనే మొక్క వేరు ఇచ్చే ఎరుపు కోసం ఎగబడ్డారు. ఆ వేరులో ఉన్నదీ అలిజరినే.

1869 నాటికి యూరప్‌లో అలిజరిన్‌ను కోల్ తారు నుంచి తయారు చేయడం వచ్చింది. ఇప్పుడు గాబులో పడేది ఎక్కువగా ఆ పొడే. సహజ రంగులని చీటీ అంటించి అమ్మే దుకాణాలు ఈ మాట చెప్పవు. చెబితే కొనేవాళ్ళకు పోయేదేమీ లేదనే నా అభిప్రాయం. వేరులోని అలిజరిన్, కార్ఖానా అలిజరిన్ ఒకే అణువు. వేరులో దానికి తోడుగా ఉండే మిగతా రంగులు ఇచ్చే లోతు మాత్రం పొడిలో ఉండదు, ఇసుక నేలల్లో వేరు తవ్వుకుని బతికినవాళ్ళ పని కూడా పోయింది. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపుకు తగినదని నేను లెక్కపెట్టేది ఎర్ర పొడిని కాదు, దానికి ముందు జరిగే పనిని: కరక్కాయ, కసిం, పటిక, జాడింపు. ఆ వరుసలో ఒక్కటి తప్పినా గాబులోంచి తీసిన బట్ట రెండో ఉతుకుకే వెలిసిపోతుంది.