చలనచిత్రములలో విదేశయాత్ర

ఫిల్మ్‌నగరమునుండి వెలువడు చిత్రములలో నాయికానాయకులు హైదరాబాదులో కన్నులు మూసి స్విట్జర్లాండు పచ్చికబయళ్లపై కన్నులు తెఱచుట మనకు వాడుకయైనది. వారికి టిక్కెట్టు కొనవలసిన పని లేదు, ఆకలి లేదు, పాట ముగియులోపల ఆఱు చీరలు మార్చినను పెట్టె కానరాదు. స్వప్నమునకు జమాఖర్చులేల యని కొందఱందురు. పాటవఱకు నేనును ఒప్పుకొందును. యాత్రయే కథయైనపుడు మాత్రము ఆ సమాధానము చాలదు.

2015లో విడుదలయైన ‘ఎవడే సుబ్రహ్మణ్యం’ అట్టి కథ. నాగ్ అశ్విన్‌గారి తొలిచిత్రమిది. ధనమే పరమార్థమని నమ్మిన యువకుడు మృతమిత్రుని చితాభస్మముతో హిమాలయములలోని దూద్‌కాశికి పోవును. చిత్రబృందము నేపాళమునకు పోయి ఎవరెస్టు పాదమున చిత్రీకరణము జరిపినది. పరదేశమును పాటకు అలంకారముగా గాక మనుష్యుని మార్చు శక్తిగా చూపుట దీని గొప్పగుణము. అయినను, ధనవంతుడో సర్వమును విడిచినవాడో తప్ప అన్యులు ఆ దారి నడవలేరను భావము ప్రేక్షకునిలో మిగులును. దినమునకింతయని లెక్కించి వ్యయించు గృహస్థునకు అందు చోటు లేదు.

వాస్తవమేమి? నేపాళమునకు పోవుటకు భారతీయులకు వీసా అక్కఱలేదు. మన 100 రూపాయలకు వారి 160 రూపాయలు వచ్చును. లుక్లా దాటి పైకి పోవుకొలదియు, సరకులు కూలీల వీపులమీదను జడలబర్రెలమీదను చేరవలసియుండుటచే, పప్పన్నము వెల పెరుగుచుండును. ఆ వెల యేల పెరిగెనని అడిగినవానికే బరువు మోసిన వీపు కనబడును. కావున లెక్క చూచుట లోభము కాదు. పరుల శ్రమను గుర్తించుట. 1830–31లో కాశికి పోయివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకి దొరకు వసతులను, సరకులను వ్రాసికొనిరి. అందుచే వారి భక్తికి కొఱత రాలేదు.

నా పూర్వవిద్యార్థి యొకడు పెండ్లియైన వెంటనే అప్పు చేసి, తాను తెరపై చూచిన మంచుకొండలకు భార్యను గొనిపోయెను. మూడేండ్లుగా వడ్డీ కట్టుచున్నాడు. మొన్న వారింటికి పోగా అతడు ఫొటోలు చూపుచుండెను. ఆ యిల్లాలు కాఫీ తెచ్చి, “రోజుకింత అని నా చేతికిచ్చుంటే, అప్పు లేకుండా ఇంకో దగ్గరి దేశమైనా చూసొచ్చేవాళ్ళం మాస్టారూ. నన్నెవరడిగారు?” అనెను. అతడు తలవంచుకొనెను.

ఇంటి బియ్యమునకు, బడి జీతములకు లెక్క వ్రాయు స్త్రీని యాత్రకు మాత్రము ఆలోచన యడుగకుండుట మన యిండ్ల దోషము. ఆ దోషమును తెర పెంచుచున్నది. మన దర్శకులు ఒక్క చిత్రమునందైనను భార్యాభర్తలు పరదేశపు సత్రమున కూర్చుండి మఱునాటి ఖర్చు కలిసి వేసికొనుట చూపుదురేని, నా శిష్యునివంటివారు కొందఱైన అప్పుపత్రముపై సంతకము చేయుటకు ముందు ఇంటిలో అడుగుదురు.