మూలన నిలబడ్డవాడి విలువ

ప్రో కబడ్డీ ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లలో తెలుగు టైటాన్స్ 66 లీగ్ మ్యాచ్‌లు ఆడింది. గెలిచినవి ఐదు. పదో సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. లీగ్‌లో అంతవరకు ఎవరికీ అంత ధర పలకలేదు. పవన్ కూతకు పోయాడు, పాయింట్లు తెచ్చాడు. అందులో వంక పెట్టడానికేమీ లేదు. అతను తెచ్చినవి తెచ్చినట్టే అటుపక్క రైడర్లు ఎత్తుకుపోయారు. 22 మ్యాచ్‌ల్లో గెలుపులు రెండే.

స్టేషన్ ఘన్‌పూర్‌లో చాయ్ హోటల్ ముందు ఆట మాటలు మొదలైతే "ఇంకో మంచి రైడర్ ఉంటే సరిపోతుండె" అనేవాళ్లే ఎక్కువ. ఎడమ కార్నర్‌లో ఎవడున్నడని అడిగేవాళ్లు తక్కువ. సినిమాలూ మనకు ఆ అలవాటే చేశాయి. 'ఒక్కడు' వచ్చిన 2003 నుంచీ కబడ్డీ అంటే మన కళ్లకు కనబడేది కూతే. మూలన వంగి నిలబడ్డవాడి మీదికి కెమెరా పోదు. అందుకే ఏదైనా జట్టు కొత్త కుర్రాణ్ని కార్నర్‌గా తీసుకుందని వార్త వస్తే, అతను నిలదొక్కుకుంటాడా లేదా అని తూచడానికి మన దగ్గర రాళ్లే లేవు.

మొదట అతను నిలబడే జాగా చూడాలి. పురుషుల మ్యాట్ పొడవు 13 మీటర్లు, వెడల్పు 10. రెండు పక్కలా మీటరేసి లాబీలు తీసేస్తే మిగిలేది ఎనిమిది మీటర్ల వెడల్పు. ఒక్కో జట్టు వాటా పొడవులో ఆరున్నర మీటర్లు. నడిగీత నుంచి 3.75 మీటర్లకు బాక్ లైన్, అక్కడికి మరో మీటరు లోపల బోనస్ లైన్. బోనస్ గీత వెనక మిగిలేది 1.75 మీటర్లు. కార్నర్ బతుకంతా ఆ కొంచెం జాగాలోనే. కుడిచేతి వాటం రైడర్ ఎక్కువగా తన కుడివైపుకే మొగ్గుతాడు. అది డిఫెన్స్‌కు ఎడమ పక్క. ఎడమ కార్నర్ మీద భారం ఎక్కువ పడేది అందుకే.

ఏడుగురు లోపల ఉన్నప్పుడు రైడర్ ముందు బోనస్ కోసమే చూస్తాడు. అది దక్కాలంటే ఒక కాలు బోనస్ గీత దాటించి మోపాలి, ఆ క్షణంలో రెండో కాలు గాల్లో ఉండాలి. రైడర్ ఒంటికాలి మీదున్న ఆ అరసెకనే కార్నర్‌కు అదను. ఆంకిల్ హోల్డ్ అనే విద్య పుట్టిందే దాని మీద.

కాలు పట్టడంలో చేతుల కంటే ముందు కళ్లకు పని. రైడర్ భుజాలతో, చేతులతో బోలెడు నాటకాలాడతాడు. నడుముతో ఆడలేడు. ఒంటి బరువు ఏ కాలి మీదికి మారుతున్నదో నడుమే చెబుతుంది. మంచి కార్నర్ చూపు అక్కడే ఉంటుంది. దూకేటప్పుడు తల రైడర్ కాలికి బయటివైపు ఉండాలి, లోపలికి పెడితే మోకాలు దవడకు తగులుతుంది. రెండు చేతులూ చీలమండ మీద బిగించి, ఛాతీని పిక్కకు ఆనించి, ఆ కాలిని నేల మీద నుంచి లేపి తనవైపు లాగాలి. పాదం నేలకు ఆని ఉన్నంతసేపూ రైడర్ బలం రైడర్‌దే. పాదం లేచిందంటే సగం పని అయినట్టు. మిగతా సగం పక్కవాళ్లది. ఒక్క చేత్తో పట్టుకుని వేలాడే కుర్రాళ్లు ఊరి బరిలో చప్పట్లు కొట్టించుకుంటారు. పై స్థాయికి పోతే ఆ పట్టు విడిపించుకోవడం రైడర్లకు లెక్కే కాదు. హిమాచల్ కుర్రాడు విశాల్ భరద్వాజ్ 2017లో టైటాన్స్ ఎడమ కార్నర్‌లో ఈ ఆంకిల్ హోల్డ్‌తోనే పేరు తెచ్చుకున్నాడు. తర్వాతి సీజన్‌లో జట్టు కెప్టెన్సీ అతని చేతికే వచ్చింది.

ఇక తొడపట్టు. రైడర్ పక్కకు తిరిగినప్పుడు భుజాన్ని అతని తుంటికి ఆనించి, రెండు చేతులతో తొడను చుట్టేయడం. దీనికి బలం కావాలి. వెనుదిరిగి పోతున్నవాణ్ని నడుము దగ్గర అందుకునేది బ్యాక్ హోల్డ్, దానికి వేగం కావాలి. అంచు గీత దగ్గరికి వచ్చినవాణ్ని బయటికి నెట్టేసే డ్యాష్‌కు తెగువ చాలు. కొత్తవాడికి ఇవన్నీ రావాలని పట్టుబట్టనక్కర్లేదు. ఒక పట్టు గట్టిగా వచ్చి, రెండోది ఓ మోస్తరుగా వస్తే మొదటి సీజన్ గడుస్తుంది. మూడో సీజన్‌కు మాత్రం రైడర్లంతా వీడియోలు చూసి అతని మొదటి పట్టుకు విరుగుడు కనిపెట్టేసి ఉంటారు. రెండోది అప్పటికి పదునెక్కాలి.

నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేసేది ఓపికకు. సంక్రాంతి పోటీల్లో బరి చుట్టూ మూగినవాళ్లు "పట్టు, పట్టు" అని అరుస్తుంటారు. పాత ఆటగాడెవరైనా ఉంటే "ఆగు బిడ్డా, జర లోపలికి రానియ్యి" అంటాడు. వినాల్సింది ఆయన మాట. కూతకు 30 సెకన్లు. వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. పాయింటు తేకపోతే రైడరే అవుట్. అంటే మొదటి రెండుసార్లు కార్నర్ ఏమీ చేయకుండా నిలబడ్డా నష్టం లేదు, మూడోసారి రైడరే తన దగ్గరికి రాక తప్పదు. తొందరపడి దూకి పట్టు తప్పితే పాయింటూ పోతుంది, తనూ బయటికి పోతాడు. తన జట్టు అటుపక్క ఒకరిని అవుట్ చేసేదాకా మళ్లీ లోపలికి రాలేడు, ఆ మూలను కాసేపు ఇంకెవరో అరకొరగా కాయాలి. పట్టడానికి చేసిన ప్రయత్నాల్లో సగం ఫలిస్తే అతను మంచి కార్నర్ కిందే లెక్క.

కొత్తవాణ్ని తూచేటప్పుడు నేను చూసేది ఇంకొకటుంది. పట్టు తప్పి బయటికి పోయి తిరిగొచ్చాక అతను మొదటి కూతలో ఏం చేస్తున్నాడు? కసిగా ముందుకు దూకితే ఇంకా పచ్చిగా ఉన్నట్టే. మళ్లీ తన మూలకే పోయి వంగి నిలబడితే ఆ కుర్రాడి మీద డబ్బు పెట్టొచ్చు. ఎత్తు, బరువు, ఛాతీ కొలతల గురించి జట్లవాళ్లు చాలా మాట్లాడతారు. కాళ్లు పొట్టిగా ఉన్నవాడు కిందికి తొందరగా దిగగలడన్నది నిజమే కానీ, కొలతలు చూసి కార్నర్‌ను ఎంచడం నాకు నచ్చదు.

పైగా కార్నర్ ఒంటరి కాదు. పక్కనున్న ఇన్ ఆటగాడి చేయి పట్టుకునే నిలబడతాడు. అతను కాలు పట్టగానే ఇన్ పక్కన నిలబడే కవర్ వచ్చి మీద పడకపోతే పట్టు దక్కదు. 2017లో కొత్తగా వచ్చిన గుజరాత్ జట్టు తొలి సీజన్‌లోనే ఫైనల్ చేరింది. మూలల్లో ఇరాన్‌వాళ్లు ఫజల్ అత్రాచలి, అబోజర్ మిఘాని, కవర్లలో పర్వేష్ భైంస్వాల్, సునీల్ కుమార్. ఆ నలుగురూ కలిసి కదులుతుంటే బయటికి పోయే దారి రైడర్‌కు దొరికేది కాదు. మంచి కార్నర్‌ను కొని పక్కన బద్ధకస్తుడైన కవర్‌ను పెడితే తప్పు కార్నర్ మీదికే వస్తుంది. జట్టు సంగతి తెలియకుండా కుర్రాణ్ని తిట్టడం మనకు అలవాటు.

ఇప్పుడు అంకెలు. పర్దీప్ నర్వాల్ ప్రో కబడ్డీలో కూతలతో తెచ్చిన పాయింట్లు 1,800 పైచిలుకు. డిఫెన్స్‌లో ఫజల్ 500 దాటడమే రికార్డు. 2018లో యూపీ యోధ కుడి కార్నర్‌గా ఆడిన నితేశ్ కుమార్ ఒకే సీజన్‌లో 100 ట్యాకిల్ పాయింట్లు తెచ్చాడు. అంతకుముందు ఎవరూ ఆ అంకె చేరలేదు. మ్యాచ్‌కు పది తెచ్చే రైడర్ పక్కన మూడు తెచ్చే కార్నర్ చిన్నగా కనబడటం సహజం. అయినా 2018 వేలంలో మొట్టమొదట కోటి పలికినవాడు రైడర్ కాదు, ఎడమ కార్నర్ ఫజల్. అదే ఏడాది జకార్తా ఏషియన్ గేమ్స్ సెమీఫైనల్లో ఇరాన్ మనల్ని 27–18తో ఓడించింది. 1990 నుంచి అప్పటిదాకా బంగారం తప్ప మరొకటి ఎరగని భారత పురుషుల జట్టుకు పద్దెనిమిదే పాయింట్లు దక్కాయంటే ఇరాన్ డిఫెన్స్ ఎలాంటిదో చూడండి.

ఈ అంకెల్లో ఇంకో మెలిక ఉంది. అది అమెరికా ఫుట్‌బాల్‌లో బాగా తెలుస్తుంది. అక్కడ అంచున నిలబడి ప్రత్యర్థికి బంతి అందకుండా కాచేవాణ్ని కార్నర్‌బ్యాక్ అంటారు. ఏటా డ్రాఫ్ట్‌లో కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే ముందు వాళ్లను 40 గజాలు పరుగెత్తించి సెకన్లు లెక్కపెడతారు. కానీ ఆ స్థానంలో గొప్పవాడి వైపు అసలు బంతే రాదు. న్యూయార్క్ జెట్స్‌కు ఆడిన డారెల్ రెవిస్ ఉన్న వైపు బంతి విసరడానికి జంకేవారు. ఆ మూలకు రెవిస్ ద్వీపమని పేరే పడింది. కబడ్డీలోనూ అంతే. ఎడమ కార్నర్ గట్టివాడైతే రైడర్ కుడి కార్నర్ పక్కనే తచ్చాడి వెళ్లిపోతాడు. మన కార్నర్ ఖాతాలో సున్నా. అంతసేపూ జట్టుకు మేలు చేసింది అతనే. కాబట్టి కొత్త కార్నర్‌కు పాయింట్లు తక్కువొస్తే కారణం రెండింటిలో ఒకటి. పట్టు రాక, లేదా భయపడి రైడర్ ఆ పక్కకు రాక. స్కోరు చూస్తే ఈ తేడా తెలియదు, రైడర్ పాదాలు ఎటు పోతున్నాయో చూస్తేనే తెలుస్తుంది.

మన వైపు కుర్రాళ్ల సంగతి వేరే చెప్పాలి. ఘన్‌పూర్, చిల్పూర్, జఫర్‌గఢ్ ఊళ్లలో ఆట మట్టి మీదే. మట్టిలో దూకితే ఒళ్లు జారుకుంటూ పోయి కాలు అందుతుంది. మ్యాట్ మీద ఒళ్లు జారదు, చర్మం కాలుతుంది. రైడర్ బూట్లకు పట్టు దొరికి ఒక్క తిప్పున బయటపడతాడు. కాబట్టి మట్టి మీద మేటి కార్నర్‌ కూడా మ్యాట్ మీదికి పోయిన కొత్తలో ఒక అడుగు వెనకబడతాడు. అది చేతకానితనం కాదు, అలవాటు లేకపోవడం. వేలంలో కింది మెట్టైన డి కేటగిరీ కనీస ధరే 9 లక్షలు. అంతకు ముందే న్యూ యంగ్ ప్లేయర్ ఒప్పందంతో లీగ్‌లోకి వచ్చే కుర్రాళ్లూ ఉన్నారు. అలా వచ్చిన కార్నర్‌కు రెండు సీజన్లు ఇవ్వాలి. మొదటిది మ్యాట్ నేర్చుకోవడానికి, రెండోది రైడర్లను చదువుకోవడానికి. ఒక్క సీజన్ చూసి పంపేసేవాళ్లు రైడర్‌ను కొలిచే కర్రతో కార్నర్‌ను కొలుస్తున్నారు.

ఊరూరా క్రీడా ప్రాంగణం బోర్డులున్నాయి, మండలాల్లో సీఎం కప్ పోటీలు జరుగుతున్నాయి, బడుల్లో పీఈటీ సార్లున్నారు. వాళ్లకు నా విన్నపం ఒకటే. స్కోరు షీటులో వచ్చిన పాయింట్లతో పాటు తప్పిపోయిన పట్లు కూడా రాయండి, రైడర్ ఏ పక్క నుంచి లోపలికి పోయాడో రాయండి. ఒక సీజన్ పోటీలకు ఈ రెండు గళ్లు నింపితే, ఘన్‌పూర్ నుంచి లీగ్‌కు పంపదగ్గ కార్నర్ ఎవరో ఆ కాగితమే చెబుతుంది.