టోపీ కింది కోరిక

తార్నాకలో ఉస్మానియా ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న ఇఫ్లూ 1958లో ఇంగ్లీషు పంతుళ్ల శిక్షణ కోసం పుట్టింది. 1972లో విదేశీ భాషల్ని కలుపుకుని సీఫెల్ అయింది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. పాతవాళ్ల నోట ఇప్పటికీ సీఫెల్లే. అక్కడ ఫ్రెంచి నేర్చుకునే పిల్లల్లో చాలామంది చూపు హైటెక్ సిటీ మీద ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. ఫోనులో ఫ్రెంచివాడి ఫిర్యాదు విని సర్దిచెప్పే ఉద్యోగానికి ఇంపర్‌ఫెక్ట్ సబ్జంక్టివ్ అనే క్రియారూపం అక్కర్లేదు. పుస్తకంలో కనిపిస్తే గుర్తుపట్టండి, అంతకన్నా శ్రమపడకండి అని వ్యాకరణాలే చెబుతాయి. ఫ్రాన్సు బజారులో అది వినపడదు, ఇళ్లలో అసలే వినపడదు. అయినా ఫ్రెంచి క్రియారూపాలన్నిట్లో అంత సొగసైనది ఇంకొకటి లేదని నేను పందెం కాస్తాను.

ముందు దాని పుట్టుక చూడండి. ఫ్రెంచిలో 'పాసే సేఁప్ల్' అని కథలు చెప్పే భూతకాలం ఒకటుంది. నవలల్లో, చరిత్రల్లో తప్ప మాటల్లో రాదు. జరిగి, ముగిసి, చేతికందకుండా పోయినదాన్ని చెబుతుంది. (నా సేఁలో ఉన్న అరసున్నను ముక్కుతో పలకండి. పింఛను పుచ్చుకుంటున్న అక్షరానికి ఈ పూట కాస్త పని.) ఆ కాలంలో 'నువ్వు' రూపాన్ని పట్టుకుని చివర ఒక 'స' తగిలిస్తే మన రూపం తయారు. 'నువ్వు మాట్లాడావు' అనడానికి పార్లా. అందులో చివరి సకారం రాతలో ఉంటుంది, నోట పలకదు. ఇంకో సకారం వచ్చి చేరగానే ఆ మూగదానికి గొంతు వస్తుంది: పార్లాస్. ఫినీ ఫినీస్ అవుతుంది, ఫ్యూ ఫ్యూస్ అవుతుంది, వేఁ వేఁస్ అవుతుంది. ఆ, ఈ, పెదవులు సున్నా చుట్టి పలికే యూ, ముక్కుతో పలికే ఏఁ. ఈ నాలుగు అచ్చుల్లో ఏదో ఒకటి, దాని వెనక ఆ బుస. ఫ్రెంచి క్రియల అల్లరి తెలిసినవాడెవడూ నమ్మడు గానీ, పాసే సేఁప్ల్ వచ్చినవాడికి ఇక్కడ ఒక్క అపవాదం కూడా ఎదురుకాదు. లాటిన్‌లో ఇంకా వెనకటి భూతకాలాన్ని ఊహగా చెప్పే రూపమొకటి అరిగి అరిగి ఇలా మిగిలింది. నన్ను పట్టేసేది ఈ అమరిక. జరిగినదాన్ని చెప్పే రూపంలోంచే, జరగాలని ఎవరో ఆశపడినదాన్ని చెప్పే రూపాన్ని చెక్కుకున్నారు.

అసలు రసం ప్రథమ పురుష ఏకవచనంలో ఉంది. అతను, ఆమె, అది. అక్కడ బుస ఉండదు. సకారం ఎప్పుడో రాలిపోయింది. దాని గుర్తుగా అచ్చు నెత్తిన చిన్న టోపీ, చివర పలకని తకారం మిగిలాయి. ఎల్ వేఁ అంటే ఆమె వచ్చింది. ఇల్ వూలే కెల్ వేఁ అంటే ఆమె రావాలన్నది అతని కోరిక. రెండు వేఁలూ చెవికి ఒక్కటే. తేడా కాగితం మీదే, ఆ టోపీలోనే ఉంది. ఎవరైనా నవల పైకి చదువుతుంటే వినేవాడికి రాక ఒకటే వినిపిస్తుంది. అది జరిగిన రాకో, కలగన్న రాకో ముందొచ్చిన 'క' అనే చిన్న మాట బట్టి పట్టుకోవాలి. కోరిక ఎంత గాఢమైనా లోకం కంటికి జరిగినదానిలా కనిపించదు. కోరుకునేవాడి చెవిలో మాత్రం ఆ రెండింటికీ ఎప్పుడూ తేడా లేదు. భాష ఈ సంగతిని ఎవరూ పూనుకుని చెక్కకుండానే, ఉచ్చారణ అరుగుదలలో, ఇంత ఖచ్చితంగా పట్టుకుంది.

తెలుగువాడికి ఈ టోపీ కొత్తేమీ కాదు. ఏడు అంకె, ఏఁడు సంవత్సరం. రాలిపోయిన నకారం జాడగా అరసున్న మన పద్యాల్లో ఇలాగే కూర్చుని అర్థాన్ని కాపాడేది. మనం దాన్ని అచ్చులోంచి తీసేశాం. ఫ్రెంచివాళ్లు తమ టోపీని ఇంకొంచెం ఆలోచించి చూశారు. 1740లో వచ్చిన అకాడమీ నిఘంటువు మూడో ముద్రణ మూగ సకారాలను వందలకొద్దీ తీసేసి, చాలాచోట్ల వాటి స్థానంలో టోపీ పెట్టింది. 1990 నాటి లిపి సంస్కరణ ఇ, ఉ అక్షరాల మీద ఆ టోపీని తీసేసినా తప్పులేదంది. కానీ మన రూపం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఇక్కడ టోపీ తీస్తే ఆశపడినది కాస్తా జరిగిపోయినదైపోతుంది.

ఈ రూపాన్ని వాక్యంలోకి పిలిచేవి ఏవి? పాఠ్యపుస్తకం ఇచ్చే జాబితా చూడండి: కోరిక, భయం, సందేహం, దిగులు, సంబరం. భరతుడి 33 సంచారీ భావాల్లోంచి ఔత్సుక్యం, త్రాసం, వితర్కం, విషాదం, హర్షం ఏరి పక్కన పెడితే ఆ జాబితా ఇంచుమించు నిండుతుంది. ప్రధాన వాక్యంలో సంచారీ భావం కదిలితే చాలు, ఉపవాక్యంలోని క్రియ రూపు మారుతుంది. ఆ కదలిక గతంలోదైతే క్రియ ఇంపర్‌ఫెక్ట్ సబ్జంక్టివ్‌లోకి జారుతుంది. భయం దగ్గర ఇంకో విచిత్రముంది. అతను వస్తాడేమోనని ఆమె భయపడేది అనాలంటే ఎల్ క్రెన్యే కిల్ న వేఁ అంటారు. మధ్యలో ఆ 'న' వ్యతిరేకార్థపు ముక్క. కానీ ఇక్కడ అది దేన్నీ కాదనదు. వాక్యం 'వస్తాడేమో' అంటుండగా, భయపడ్డ మనసు 'వద్దు' అని ఒక చెయ్యి అడ్డం పెట్టినట్టు ఊరికే వచ్చి నిలబడుతుంది. మన 'ఏమో' ఒక్క ప్రాణంతో ఈ బరువంతా మోస్తుందనుకోండి, అది వేరే వ్యాసం.

ఈ రూపం మీద ఫ్రెంచి నాటకం కట్టిన అతి పెద్ద గోపురం కార్నేయ్ రాసిన 'ఓరాస్'లో, 1640లో, కనిపిస్తుంది. ముగ్గురు కొడుకుల్లో ఇద్దరు చచ్చారని, మూడోవాడు పారిపోయాడని ముసలి రోమన్ తండ్రి వింటాడు. ముగ్గురు శత్రువుల ఎదుట ఒంటరివాడు ఏం చెయ్యాలంటారని ఎవరో అడుగుతారు. ప్రశ్నలో ఇంపర్‌ఫెక్ట్ సబ్జంక్టివ్, జవాబులోనూ అదే. చావు అనే క్రియకు టోపీ పెట్టి, 'చావాలని' అని ఆయన ఒక్కమాట అంటాడు. తర్వాతి శతాబ్దంలో వోల్టేర్ దాన్ని మహోదాత్తమని కొనియాడాడు. ఆ వాక్యంలో ప్రధాన క్రియ లేదు. కోరే మనిషి వ్యాకరణంలోంచి తప్పుకున్నాడు, కోరిక మాత్రం నిలబడింది. తండ్రి ప్రేమ, రోము గౌరవం, కడుపుకోత అన్నీ ధ్వనిగానే అందుతాయి. మన నేలకు వస్తే, 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ బలగాలు బొబ్బిలి కోటను బద్దలుకొట్టాయి. లొంగిపోకుండా ఆలుబిడ్డల్ని తామే చంపుకుని, చివరిదాకా పోరాడి చచ్చినవాళ్లను చూసిన ఆ సిపాయిల్లో కార్నేయ్ తెలిసినవాడు ఒక్కడున్నా, ఆ ముసలాయన జవాబు అతని నాలుక మీదికి వచ్చే ఉంటుందని నా ఊహ.

ఇంత దర్జా ఉన్న రూపం నోళ్లలోంచి ఎందుకు జారిపోయింది? దాని బుసే దానికి చేటయింది. 'మేము', 'మీరు' రూపాల్లో అది పార్లాస్యోఁ, పార్లాస్యే అని సాగుతుంది. పైగా 'ఆస్' అన్న చివర ఫ్రెంచి చెవికి ఈసడింపు: చిత్తుకాగితాల గుట్ట పాప్రాస్, నాసిరకం వైను వినాస్. అల్ఫోన్స్ అల్లే ఒక ప్రేమ విలాపం నిండా ఈ రూపాలే కుక్కి దేశాన్ని నవ్వించాడు. 1901లో విద్యాశాఖ ఉత్తర్వు షరతు వాక్యాల కింద దీని బదులు వర్తమాన రూపం రాసినా పరీక్షల్లో తప్పు పట్టొద్దంది. 1976 ఉత్తర్వు గతకాల వాక్యాలకూ ఆ వెసులుబాటు ఇచ్చింది. గ్రాంథికం, వ్యావహారికం గొడవంతా దాటొచ్చిన మనం దీనికి కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు. 'ఇల్ వూలే కెల్ వ్యెన్' అని ఇవాళ్టి కుర్రాడు అంటే అది మంచి ఫ్రెంచే. కాకపోతే ఆ వ్యెన్‌లో ఇవాళ్టి గాలి ఉంటుంది. వేఁ అన్నప్పుడు కోరిక తన కాలంలోనే మూతపడి ఉంటుంది. ఆమె వచ్చిందో రాలేదో కథకుడు అప్పుడే బయటపెట్టడు. ఫ్లోబేర్ ఎమ్మా బొవరీ ఆశలన్నీ ఈ మూత కిందే మగ్గాయి. 1920లో ప్రూస్త్ ఫ్లోబేర్ శైలి గురించి రాస్తూ, కాలాల్నీ సర్వనామాల్నీ వాడిన తీరుతోనే ఆయన లోకాన్ని చూసే చూపును ఇంచుమించు కాంట్ అంతగా మార్చాడన్నాడు. అతిశయోక్తిలా ఉంటుంది గానీ, ఒక పేజీ చదివాక ఒప్పుకోవాలనిపిస్తుంది.

కామూ ఇంకా గడుసువాడు. 1942లో 'లెత్రాంజే'ను బజారు భూతకాలంలో రాసి సాహిత్య కాలాలను గుమ్మం బయట నిలబెట్టాడు. 1956లో 'లా ష్యూత్' కథకుడి చేత, ఆమ్‌స్టర్‌డాం బారులో, మాటల మధ్యలో ఒక ఇంపర్‌ఫెక్ట్ సబ్జంక్టివ్ విసిరించాడు. ఎదుటివాడు ఉలిక్కిపడతాడు. కథకుడు అది గమనించి, ఈ రూపమంటే తనకు బలహీనత అని ఒప్పుకుంటాడు. ఆ వెంటనే, నాజూకైన శైలి నాజూకైన బట్టలాగే కింది చర్మరోగాన్ని దాచడానికి పనికొస్తుందన్న అనుమానమూ మనలో వేస్తాడు. ఆ మనిషి లోపల ఎంత కుళ్లుందో తర్వాత తెలుస్తుంది. క్రియారూపంతోనే పాత్ర గుట్టు విప్పడం ఇంత చిన్న చోట నేనింకెక్కడా చూడలేదు. తార్నాకలో ఫ్రెంచి మొదలుపెట్టినవాళ్లు రెండో ఏటికల్లా ఈ పలుచటి పుస్తకం పట్టుకోవచ్చు.

వాడుకలో మిగిలిన ముక్కలూ ఉన్నాయి. మన ఆశీర్వచనాల్లో 'శుభమగుగాక' బతికున్నట్టే, 'దేవుడి దయవల్ల అలా అయితేనా' అనడానికి ప్ల్యూ తా ద్యో ఉంది. అందులో మూగ తకారం పక్క అచ్చు సాయంతో గొంతెత్తుతుంది. కనీసం అంతైనా అనడానికి న ఫ్యూస్ క నేటి పత్రికల్లోనూ తగులుతుంది. వీటన్నిట్లో నాకు మరీ ఇష్టమైనది ద్యుసేజ్: నాకు ఏ గతి పట్టినా సరే అని తెగించేవాడి మాట. క్రియ ముందుకు దూకి, 'నేను' వెనకబడి, మామూలుగా మూగగా ఉండే చివరి 'ఎ' నెత్తిన స్వరచిహ్నం పెట్టుకుని పలుకుతుంది. 1990 సంస్కరణ ఆ చిహ్నాన్ని కుడి వాలు నుంచి ఎడమ వాలుకు తిప్పింది, పలికే తీరుకు అదే దగ్గరని. అచ్చులో మాత్రం పాత వాలే ఇంకా ఎక్కువగా కనబడుతోంది.