తుడిచేయలేని పూత

కారుకి వ్యాక్స్ పట్టించే బఫర్ మెషిన్ ఇప్పుడు ఇళ్లలోకీ వచ్చింది. బండిని కడిగి, ఆరనిచ్చి, నీడలో నిలిపి, స్పాంజి ప్యాడ్ మీద కాస్త వ్యాక్స్ వేసి తక్కువ వేగంలో పలచగా పూస్తారు. ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి రంగు ఒకేచోట వేడెక్కదు. పూత మసగ్గా ఆరాక మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే మెరుపు తేలుతుంది. కొంచెం ఎక్కువ పూసినా నష్టం లేదు, శ్రమపడితే అదంతా గుడ్డకు వచ్చేస్తుంది. ఇంత నాజూకు పని మెషిన్ చేస్తున్నప్పుడు ఆత్రేయపురంలో పూతరేకు ఇంకా చేత్తోనే ఎందుకు తీయాలి అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం ఈ రెండు పూతల తేడాలో ఉంది. ఒకటి తర్వాత దిద్దుకోగలిగిన పూత, రెండోది దిద్దుకోలేనిది.

పూతరేకు పేరులోనే దాని పనితనం ఉంది: పూసి తీసిన రేకు. జయ రకం బియ్యాన్ని నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలా జారేలా కలుపుతారు. అడుగు నున్నగా, గుండ్రంగా ఉన్న కుండను బోర్లించి లోపల ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. పలచని గుడ్డను ఆ పిండిలో ముంచి, రెండు చేతులా సాగదీసి పట్టుకుని, కాలిన కుండ మీద ఒక్క లాగు లాగుతారు. నీరు ఆవిరై, పిండి ఉడికి పొరకట్టి, రెప్పపాటులో అంచు పైకి లేస్తుంది. పిండి చిక్కనైతే రేకు దళసరై పళ్లకు అంటుకుంటుంది, మరీ పలచనైతే చేతిలోనే చిరుగుతుంది. పైగా కొబ్బరాకు మంట గుప్పున లేచి చప్పున తగ్గుతుంది, అందుకే కుండ వేడి ఏ రెండు రేకులకూ ఒకేలా ఉండదు. గుడ్డలో ఎంత తడి ఉంచాలో, ఎంత వేగంగా లాగాలో ప్రతిసారీ చెయ్యే తేల్చుకోవాలి. లాగడం అయ్యాక తుడిచి సరిచేసే అవకాశమే లేదు.

గ్యాస్‌తో సెగను స్థిరం చేసి రోలర్‌తో పూస్తే చాలదా అనవచ్చు. పొర తయారుకావచ్చు. వియత్నాంలో ఆవిరి మీద ఉడికించి ఆరబెట్టే బియ్యపు పొరలను ఇప్పుడు యంత్రాలూ చేస్తున్నాయి. కానీ ఆ పొర లోపల కూరను మోయాలి, కాబట్టి గట్టిదనమే దాని గుణం. పూతరేకు నాలుక మీద కరగాలి. యంత్రం పట్టి లాగినా చిరగనంత గట్టి రేకు అలా కరగడం కష్టం. అలాగని యంత్రమే వద్దనడం కాదు. బియ్యం రుబ్బడానికీ పంచదార పొడి కొట్టడానికీ అది నిక్షేపంగా పనికొస్తుంది, బరకగా ఉంటే ఇంకోసారి తిప్పవచ్చు. బఫర్ వాడేవాళ్లు కూడా రంగు పలచగా ఉండే అంచుల దగ్గర, తలుపు పిడుల చుట్టూ మెషిన్ ఆపి చేత్తోనే పూస్తారు. అంటే తప్పు దిద్దుకోలేని చోట వాళ్లూ చెయ్యినే నమ్ముతున్నారు.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఒకటుంది. కుండ ముందు సెగలో, పొగలో గంటల తరబడి కూర్చునేది ఆడవాళ్లు. వాళ్ల కష్టాన్ని కళ అని పొగిడి ఊరుకోవడం న్యాయమా? కాదు. అయితే దానికి మందు పొగ బయటికి పోయే గొట్టం, నడుం వంచనక్కర్లేని ఎత్తులో పొయ్యి, రేకుకు తగిన కూలి. చేతిని తప్పించడం మందు కాదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అది ఊరి పేరును కాపాడుతుంది గానీ, రేకు తీసే చేతికి కూలి పెంచదు. నెయ్యి రాసి, బెల్లమో పంచదారో చల్లి చుట్టిన పూతరేకుకు ధర కట్టేటప్పుడు జీడిపప్పు, నెయ్యి లెక్కలతోపాటు కుండ మీద లాగిన ఆ ఒక్క లాగు లెక్క కూడా వేయాలి.